ట్రైలరు కన్ను గీకిన రోజు

ఇప్పుడు ఆడపిల్ల స్టీరింగు పట్టుకుంటే ఎవరూ తలతిప్పి కూడా చూడరు గానీ, ఆ రోజుల్లో మా మైపాడు దారిలో నేను పికప్పు తోలుతుంటే, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వచ్చిన బస్సును వదిలేసి నన్ను చూసేవాళ్ళు. రాస్తున్నావా తల్లీ? (అక్షరాలు నీవి, గొప్పలు నావి.) అప్పట్లో మాకు ఒక రొయ్యల చెరువు, ఎవరో వాడి అమ్మేసిన పికప్పు, దాని వెనక తగిలించుకునే రెండు చక్రాల ట్రైలరు ఉండేవి. చెరువు గట్టు మీద తిప్పి తిప్పి బండి నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. అయినా ట్రైలరు తగిలించాల్సి వస్తే మాత్రం మీ తాత తాళంచెవి తన జేబులో వేసుకునేవాడు. "వొట్టి బండంటే సరేమే. ట్రైలరుంటే అదొక పక్కకి పోతాది, నువ్వొక పక్కకి పోతావు" అనేవాడు. నాకేమో ఆ ట్రైలరు లాక్కుంటూ పెన్నా వంతెన దాటాలని ఒకటే కోరిక. (కొందరికి నగల మీద ఉంటుంది. నాకు ఇలా ఏడ్చింది.)

మా అత్తగారు పడవల ఇంట్లో పుట్టిన మనిషి. ఉప్పుగాలికి ఇనుము నిలవదని ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. రంగు పడని ఇనుము కంటపడితే ఆ పూట అన్నం సహించేది కాదు. ఆ ఏడు ఆయుధపూజకు ముందు పడవలకు వేసే రంగు తెప్పించి, మీ తాత చేతా మా మరిది చేతా ట్రైలరుకు దట్టంగా నీలం పూయించింది. చట్రం, గొలుసు, కొక్కెం, ఏదీ వదల్లేదు. అడ్డమొచ్చిన వైరు విప్పించి, అక్కడా పూయించి, మళ్ళీ బిగించమంది. చివర్న పడవకు దిద్దినట్టే ముందు భాగాన తన చేత్తో రెండు కళ్ళు దిద్దింది. ఆ తెల్లటి కళ్ళతో మా ట్రైలరు, ఎటు పోవాలో తనకే తెలుసన్నట్టు చూసేది.

పూజ మరునాడు కోవూరులో మా ఆడబిడ్డ వాళ్ళ వరిపొలానికి ఆయిల్ ఇంజను చేర్చాలి. తిరిగొచ్చేసరికి మసకపడుతుంది, వెనక లైట్లు లేకుండా నెల్లూరు రోడ్డెక్కితే ఏ లారీవాడో వచ్చి గుద్దుతాడు. తీరా చూస్తే ట్రైలరు లైట్లకు పూనకం వచ్చింది. ఎడమ ఇండికేటరు వేస్తే రెండు పక్కలా గుడ్డిగా కొట్టుకుంటాయి, బ్రేకు తొక్కితే అదీ ఆగిపోతుంది. పికప్పు లైట్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. మీ తాత లోపల కూర్చుని నొక్కడం, నేను వెనక నిలబడి చెప్పడం.

"ఎడంది వేసినా. ఎట్టుండాది?"

"రెండూ వెలగతా ఉండాయి."

"రెండెట్ట వెలగతాయిమే? సరిగ్గా జూడు."

"నేను సరిగ్గానే జూస్తుండా. అవే సరిగ్గా వెలగడంలా."

మా మరిదిని అందరూ కరెంటోడు అనేవాళ్ళు. (ఒకసారి మా ఇంటి ఫ్యూజు వేశాడు. పేరు అలా ఉండిపోయింది.) అతను బల్బులు మార్చాడు, ఫ్యూజు మార్చాడు, ట్రైలరు లైట్లకు పోయే వైర్లన్నీ లాగేసి కొత్తవి వేశాడు. ఆ తర్వాత బ్రేకు తొక్కితే కుడి ఇండికేటరు వెలిగింది. "ముందటికంటే మేలే గదన్నా" అన్నాడు. మీ తాత స్పానరు కింద పడేసి, "ఈ లైట్లు ఎవురు వెలిగిస్తే వాళ్ళే తోలుకొని పోండి కోవూరికి" అని అన్నానికి వెళ్ళిపోయాడు. తమ్ముణ్ణి ఎత్తిపొడవడానికే అన్నాడు. మరిదీ వెనకే పోయాడు. నేను మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకున్నాను.

పొద్దుటి నుంచి వెనక నిలబడి చూసింది నేనే గదా. ఒక లైటు కరెంటు పక్క లైట్లో దూరుతోందంటే, అది తిరిగి బ్యాటరీకి పోయే దారి మూసుకుపోయిందన్నమాట. చెరువు మోటారు మొరాయించినప్పుడల్లా మెకానిక్కు ముందు ఎర్తు వైరు పట్టుకునేవాడు. బండికి ఇనుప చట్రమే ఎర్తు, కరెంటు తిరిగిపోయే దారి అదే. లైట్లు వేసి ఉంచి, ఒక పొడుగాటి వైరు పికప్పు బ్యాటరీ నెగెటివ్‌కు కట్టి, రెండో కొస ట్రైలరు చట్రానికి ఆనించాను. ఏ మార్పూ లేదు, అంతా రంగే. లైటును బిగించిన బోల్టుకు ఆనించాను. రెండు లైట్లూ భగ్గున వెలిగాయి. లైట్లు మంచివే, ట్రైలరుకూ పికప్పుకూ మధ్యనే సంబంధం తెగింది. పికప్పుకు తగిలించే ప్లగ్గులోంచి వచ్చే ఎర్తు వైరు వెంట పోతే, సరిగ్గా మా అత్తగారు దిద్దిన ఎడమ కంట్లో తేలాను. అన్నదమ్ములిద్దరూ ఆ వైరును రంగు మీదే బిగించి పెట్టారు.

బోల్టు విప్పి, చేప పొలుసు తీసే కత్తి తెచ్చి గీకడం మొదలుపెట్టానో లేదో, వెనకనుంచి గొంతు.

"ఏందిమే, కన్ను గీకతుండావా?"

"దీని కిందనే దారి మూసుకోనుండాదత్తా."

"పడవ కన్ను మీద చెయ్యేస్తే మా నాయన ఇంట్లోకి రానిచ్చేవోడు కాదు, తెలుసా?"

"పడవకి బ్రేకు లైట్లుండవు గదత్తా."

ఆమె వంగి చూసి, "సగమే గీకు" అంది.

సగమే చాలింది. తెల్లగా ఇనుము కనబడగానే వైరు ఆనించి బోల్టు బిగించి, నేను లోపలికెక్కి, ఆమెను వెనక నిలబెట్టాను.

"ఎడంది ఎట్టుండాదత్తా?"

"ఎడమే వెలగతా ఉండాది."

"బ్రేకు?"

"మిరపపండు మాదిర ఉండాది."

ఆ మాటకు అన్నదమ్ములిద్దరూ ఎంగిలి చేతులతో బయటికొచ్చారు. మరిది నాలుగు పక్కలా తిరిగి చూసి, "వదినా, నేనేసిన కొత్త వైరు ఇప్పుడు పట్టుకునింది" అన్నాడు. మీ తాత చెయ్యి కడుక్కొచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"యాడికి?" అంది మా అత్తగారు. "నువ్వన్న మాట నేను విన్లేదా? పోయి ఆ పక్కన కూర్చో."

కూర్చున్నాడమ్మా. నెల్లూరు దాటేదాకా తలుపు పిడి పట్టుకునే ఉన్నాడు. పెన్నా వంతెన మీద గాలికి నా కొంగు ఆయన మొహం మీదికి ఎగిరితే పక్కకి తీసి పట్టుకున్నాడు. వెనక ట్రైలరు నా వేలు పట్టుకున్న పిల్లలా నడిచొచ్చింది. తిరుగుదారిలో మసకపడ్డాక ఒక లారీ మా వెనక దూరంగా నెమ్మదించింది. మీ తాత అద్దంలో చూసి, "మన లైట్లు జూసే తగ్గినాడు" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నోటి నుంచి నేను విన్న పెద్ద పొగడ్త అదే. ఇంటికొచ్చాక తాళంచెవి నేనే మేకుకు తగిలించాను, అది ఇక జేబులోకి పోలేదు.

ఇప్పుడు కళ్ళు ఆనక నువ్వు తోలుతుంటే పక్కన కూర్చుంటున్నాను. ముందు బండి వెనక ఎర్ర లైటు వెలగ్గానే నా కుడికాలు కింద పరిచిన ఉత్త చాపను గట్టిగా తొక్కుతుంది. నువ్వు నవ్వుతావు, నేనూ నవ్వుతాను. ఏం చేయమంటావు, ఆ రోజు స్టీరింగు సీటెక్కిన అమ్మాయి ఇంకా దిగలేదు.