మందుకు ఊరంతా జామీను, గంజాయికి రమణమ్మక్క ఒక్కతే

ఇన్నాళ్లూ ఈ బ్లాగులో నల్లమల వాగుల గురించి, కొండల మీది గుళ్ల గురించి రాశాను. ఈసారి రాసేది గిద్దలూరు సబ్ జైలు ప్రయాణం. ఇలాంటి ప్రయాణం మీకు రాకూడదు, వస్తే మాత్రం నాలా గుడ్డిగా బయల్దేరకండి. మా చిన్నమ్మ కొడుకు మధుకు ఇరవై నాలుగేళ్లు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలకు సరుకు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. స్నేహితులతో కలిసి గిద్దలూరు రైలుకట్ట దగ్గర గంజాయి పొట్లంతో దొరికాడు. పిడికెడు కూడా లేదు. తాగాడా అంటే తాగాడు, దాచేదేముంది? వాడి చెంప పగలగొట్టాలని నాకూ ఉంది, కానీ ముందు వాడు బయటికి రావాలి కదా! రెండు వారాలు లోపల ఉన్నాక బెయిలు ఇచ్చారు, ఇద్దరు జామీనుదారులు రావాలన్నారు. మార్కాపురంలో నాకు బట్టల కొట్టుంది, ఇల్లు నా పేరు మీదే ఉంది కాబట్టి నేనొకదాన్ని. రెండో మనిషి పెదనాయన. చిన్నాయన పోయాక చిన్నమ్మకు పెద్దదిక్కు ఆయన అన్న ఈ పెదనాయనే. ఆ రోజు శుక్రవారం. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. అంటే ఆ రోజు పని కాకపోతే వాడు సోమవారం దాకా లోపలే.

పొద్దున్నే ఏడింటికి మార్కాపురంలో షేర్ ఆటో ఎక్కి ముప్పై రూపాయలిచ్చి తర్లుపాడు దగ్గర చిన్నమ్మ వాళ్ల ఊళ్లో దిగాను. చిన్నమ్మను వెంటబెట్టుకుని పెదనాయన ఇంటికి వెళ్తే ఆయన ఇంకా లుంగీలోనే ఉన్నాడు. నాకక్కడే అనుమానం వచ్చింది.

"నేను రానమ్మీ" అన్నాడు, పళ్లు తోముకుంటూ.

"ఏంది పెదనాయనా? నిన్న వస్తానంటివి కదా!"

"నిన్న అన్నా. రాత్రి ఆలోచన జేసినా. గంజాయి కేసుకు సంతకం పెట్టినాడంటే ఊళ్లో మొకం ఎట్ల చూపించేది? రేప్పొద్దున నన్ను గూడా అడుగుతారు, ఏందయ్యా, నీకూ దాంట్లో వాటా ఉందా అని."

నాకు ఒళ్లు మండిపోయింది. పోయిన ఎండాకాలం ఇదే ఊళ్లో నరసింహులు పూటుగా తాగి ట్రాక్టర్ తోలుకుంటూ వచ్చి, చేలో నుంచి సైకిలు మీద వస్తున్న పక్కింటి రమణమ్మక్క మొగుణ్ణి గుద్దేశాడు. ఆ మనిషి మార్కాపురం ఆస్పత్రి చేరేలోపే పోయాడు. నరసింహులు ఆ సాయంత్రానికే ఊళ్లో ఉన్నాడు. వాడికి జామీను పెట్టడానికి జనం పోటీలు పడ్డారు, అందరికంటే ముందు పోయింది ఈ పెదనాయనే. ఆ మాటే మొహం మీద అడిగాను.

"అది మందు కేసు అమ్మీ" అన్నాడు, నాకు లోకజ్ఞానం లేదన్నట్టు. "మందు తాగనోడు ఎవడుండాడు? ఏదో టైము బాగలేక అట్ల జరిగింది. గంజాయంటే అట్ల గాదు, అది దొంగ సరుకు."

"మనిషిని చంపింది టైమా పెదనాయనా?" అని అరిచాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టి లాక్కొచ్చింది. వీధిలో కూలబడి, "సోమారం దాకా ఎట్లమ్మా, వాడు ఏం తింటాండాడో" అని ఏడుపు.

నా అరుపులు పక్కింట్లోకి వినిపించినట్టున్నాయి. రమణమ్మక్క బయటికొచ్చింది. చేతిలో కొంగులో చుట్టిన పొలం పాస్‌ పుస్తకం ఉంది. "లెయ్ అత్తా. నా పేర ఎకరన్నర ఉండాది, సరిపోతాదా?" అని నన్నడిగింది. ఆవిడ మొహం చూడలేక తలూపాను. కాలికి చెప్పులు వేసుకుని బయల్దేరింది, అంతే. నీళ్లు కూడా తాగలేదు.

తర్లుపాడు నుంచి కంభం దాకా ఒక బస్సు, కంభంలో మారి గిద్దలూరుకు ఇంకోటి. పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కంభంలో ఒక పెద్దమనిషి తూలుతూ ఎక్కాడు. తొమ్మిదింటికే! బెల్టు షాపుకు వేళాపాళా ఉండదు కదా. వచ్చి వచ్చి రమణమ్మక్క భుజం మీదే వాలాడు. నేను లేచి కండక్టర్ని పిలిస్తే, "మందు మనిషిలే అక్కా, పాపం, కొంచెం సర్దుకోండి" అని నవ్వాడు. బస్సులో ఇంకో నలుగురు నవ్వారు. ఎవరికి పాపం? ఆ వాసన పక్కన కూర్చున్న ఆవిడకు ఏం గుర్తొస్తుందో వాళ్లకేం తెలుసు? నేనే ఆ మనిషిని జబ్బ పట్టుకుని లేపి వెనక్కి తోశాను. అప్పుడు మాత్రం అందరూ నన్ను గయ్యాళిని చూసినట్టు చూశారు.

గిద్దలూరులో దిగేసరికి పదిన్నర దాటింది. బస్టాండు దగ్గర టిఫిన్ బండి మీద ఉగ్గాని, బజ్జీ బాగుంటాయి, ప్లేటు నలభై. వండే ఆమె కలుపుగోలు మనిషి. "కోర్టు పనా అక్కా? పొలం తగాదానా?" అంది. "కాదు, మా తమ్ముడు గంజాయి కేసు" అన్నాను. గరిటె ఆగిపోయింది. "అయ్యో రామ! మా ఇంటాయన గూడా రోజూ తాగుతాడు గానీ మందేలే" అంది, గొప్పగా. ఆమె చెంప మీద కమిలిన మచ్చ ఉంది. చిన్నమ్మ ఒక్క ముద్ద కూడా ముట్టలేదు.

కోర్టులో మధ్యాహ్నం దాటాక పిలిచారు. నా వంతు త్వరగానే అయిపోయింది. తర్వాత రమణమ్మక్క. మేజిస్ట్రేటు గారు పాస్‌ పుస్తకం తిప్పి చూసి, అందరినీ అడిగే ప్రశ్నలే అడిగారు.

"ఈ అబ్బాయి నీకెలా తెలుసమ్మా?"

"మా ఆయన్ను రోడ్డు మీద నుంచి ఎత్తుకొని, తన ఆటోలో ఆస్పత్రికి తీసకపోయినాడు సార్. అందరూ నిలబడి చూసినారు, ఈ పిల్లోడే ఎత్తినాడు."

"భూమి నీకెలా వచ్చింది?"

"ఆయన చనిపోతే వచ్చింది సార్."

మేజిస్ట్రేటు గారు సంతకం ఎక్కడ పెట్టాలో తానే చూపించారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఆ కాగితాలు పట్టుకుని సబ్ జైలుకు వెళ్తే సాయంత్రం ఐదు దాటాక వాణ్ని వదిలారు. చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు. రమణమ్మక్కను చూసి ఏడ్చేశాడు. ఆవిడ మాత్రం, "ఇంకోసారి ముట్టినావంటే నేనే వచ్చి లోపలేయిస్తా" అంది. నేను కొడదామనుకున్న దెబ్బ ఎందుకో చెయ్యి దాకా రాలేదు.

చీకటి పడుతుండగా ఊరు చేరాం. వీధి మొదట్లో నరసింహులు మోటార్ సైకిలు మీద కూర్చుని ఉన్నాడు, నాలుగు అడుగుల దూరానికే గుప్పుమంది. "ఏరా మధూ, వచ్చినావా? గంజాయి తాగితే మనిషి చెడిపోతాడ్రా. ఇంకనన్నా బుద్ధిగా ఉండు" అన్నాడు. అప్పుడు రమణమ్మక్క ఆగింది.

"వానికి చెప్పేదానికి నేనుండాన్లే నరసింహులూ. నువ్వు ఇంటికి నడిచి పో. బండి మాత్రం తీయాకు."

గంజాయిని కొట్లో పెట్టి అమ్మమని నేననడం లేదు. మూటలు తోలి పిల్లలకు అమ్మేవాళ్లను పట్టుకోండి, ఎవరు వద్దన్నారు? కానీ తన ఒళ్లు తాను చెడగొట్టుకున్నవాడికి జైలు, తాగి ఇంకొకరి ఇల్లు కూల్చినవాడికి సాయంత్రానికి ఇల్లు, ఇదెక్కడి న్యాయం? ఒక మత్తుకు లైసెన్సు ఇచ్చి, లైట్లు పెట్టి, అమ్మిన డబ్బుతో ఖజానా నింపుకుంటారు. ఇంకో మత్తుకు సంకెళ్లు వేస్తారు. చట్టం మాట అటుంచండి, చట్టాన్ని మించి ఊరు మందును నెత్తిన పెట్టుకుంది. మధులాంటి వాడికి కావాల్సింది చికిత్స. నరసింహులుకూ అదే కావాలి, కానీ వాడికది జబ్బని ఎవరూ చెప్పరు, వాడే అందరికీ నీతులు చెప్తాడు.

ఇక ఈ దారిన వెళ్లాల్సి వచ్చినవాళ్లకు ఒక్క సలహా. పాస్‌ పుస్తకం, ఆధార్, ఇంటి పన్ను రసీదు, అన్నీ ఒరిజినల్సే పట్టుకుని పదింటికల్లా కోర్టు దగ్గర ఉండండి. గంజాయి కేసుకు ఇద్దరు జామీనుదారులు కావాలంటే ముగ్గురిని అడిగి పెట్టుకోండి, ఒకరు తప్పక మొహం చాటేస్తారు. మందు కేసైతే ఆ బెంగ అక్కర్లేదు, ఊరే కదిలి వస్తుంది.