ట్యూబ్‌లైటుకి దసరా బొట్లు

ఈ రోజు ఆదివారం. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, నల్ల జాకెట్టు కుట్టమని వచ్చినావిడని అమ్మ వెనక్కి పంపేసింది. మా కారు షెడ్డులో కారు లేదు, అమ్మ కుట్టుమిషను ఉంది.

"ఈ లైటుకి నల్లదారం కనపడట్లేదే. ఇక నల్లవి ఒప్పుకోను" అంది దిగులుగా.

కొత్త లైటు ఇప్పట్లో కొనలేం. అందుకే కరెంటు ఆపి, స్టూలెక్కి ట్యూబ్‌లైటు విప్పాను. ఏటా ఆయుధపూజకి అమ్మ మిషనుతో పాటు దానికీ పసుపు రాసి బొట్లు పెడుతుంది. పాతవి ఎవరూ తుడవలేదు. గాజంతా పసుపు, దాని మీద దుమ్ము.

తడిగుడ్డ తీయగానే అమ్మ కంగారుపడింది.

"పూజ బొట్టు తుడిచేస్తావేంటే?"

"బొట్టు లైటు బిగించే పట్టీకి పెట్టమ్మా, గాజుని వదిలెయ్."

అమ్మ ముందు పట్టీకి బొట్టు పెట్టి, ఆ తర్వాతే నన్ను తుడవనిచ్చింది.

ఆరాక బిగించి స్విచ్చి వేస్తే షెడ్డు మూలమూలకీ వెలుతురు వచ్చింది. ఎంత చక్కటి మాట, వెలుతురు! అమ్మ నల్లదారం మొదటిసారికే సూదిలోకి ఎక్కించి, "ఆవిడకి ఫోన్ చెయ్, జాకెట్టు గుడ్డ తెమ్మను" అంది.

మీ ఇంట్లో లైట్లకి ఎన్ని దసరాల బొట్లున్నాయో చూసి చెప్పండి. వెలుతురు ఇంకాస్త పెరిగేలా, రేపు పొద్దున్నే ఇంట్లో మిగిలిన సున్నం మిషను వెనక గోడకి వేస్తాను.