వల్లియమ్మకు వచ్చే బస్సు

తిలకవతి అత్తగారు వల్లియమ్మ ఏనాడూ తిరుప్పూరు బనియన్ మిల్లు బస్సు ఎక్కలేదు. అయినా ఆ బస్సు ఎప్పుడొస్తుందో ఆమె ఫోనుకు కబురు వస్తూనే ఉంటుంది.

తిలకవతి ఉద్యోగం గాంధీపురంలో, ఒక లాడ్జి పక్క మేడమీది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. మిల్లులో పనిచేసే పల్లె ఆడవాళ్లకు, రేపు ఏ బస్సు ఏ మలుపులో ఆగుతుందో తమిళంలో కబురు పంపే ప్రోగ్రాము వాళ్లది. దానికి ఏ మార్పు చేసినా ముందు ఒక నంబరుకు పంపి చూసుకోవాలి. తిలకవతి అత్తగారి నంబరు ఇచ్చింది. ఆ కబురొస్తే కోడలు క్షేమంగా ఉందని వల్లియమ్మ నమ్మకం. ఫోను ఒకసారి కళ్లకద్దుకుని పెరుమాళ్ల పటం ముందు పెట్టేది.

రాసిన జావా కోడును కూర్చి, కావలసిన లైబ్రరీలు తెచ్చి, నడిచే ప్రోగ్రాముగా కట్టే పని ఇన్నేళ్లూ మేవెన్ అనే సాధనం చేసేది. అది నెమ్మది. ఆ పనిని గ్రేడిల్ అనే వేరే సాధనానికి మార్చే బాధ్యత ఈసారి తిలకవతి మీద పడింది. మేవెన్ ఫైలు రాసిన కదిరవన్ తండ్రి కంటి ఆపరేషనుకని మదురై వెళ్లాడు. ఆసుపత్రిలో ఉన్నవాణ్ణి వేధించడం ఎందుకని ఆమె ఒక్కతే కూర్చుని గ్రేడిల్ ఫైలు చేత్తో రాసింది. ఫోల్డర్లు సర్దింది. శనివారం నుంచి వంతెన పనుల వల్ల బస్సుల దారులు మారుతున్నాయి. ఆ మారిన దారుల కోడు కూడా కొత్త అమరికలోనే చేరింది. ఇక వెనక్కి మళ్లాలంటే ఒక పూట పని.

శుక్రవారం మధ్యాహ్నం గ్రేడిల్‌తో ప్రోగ్రాము కట్టడం పూర్తయింది. దాన్ని సరిచూసే పరీక్షలన్నీ పచ్చగుర్తుతో వచ్చాయి. వల్లియమ్మకు కబురు వెళ్లింది. వెంటనే ఫోను మోగింది.

"తిలకా, ఏం కణ్ణు, ఈ పొద్దు నా బస్సుకు ఏమైంది?"

"ఏం అత్తా, కబురు రాలేదా?"

"వచ్చింది, చదవనే ముడియలేదు, నాతో కాలేదు. ఇంగ్లీషు అక్షరాలు తలకు టోపీలు పెట్టుకోని నిలిచుండాయి. నా కన్ను పోయిందా, ఫోను పోయిందా?"

"రెండూ బాగుండాయి అత్తా. పోయింది నా పని."

"పోతే పోనీ. అన్నం తింటివా?"

పక్క బల్ల దగ్గర గోకుల్‌నాథ్ విన్నాడు. తిలకవతి కంటే చిన్నవాడైనా ఆఫీసుకు పెద్ద అతనే. తిలకవతి ఇంట్లోలాగే అతని ఇంట్లోనూ తెలుగే.

"అక్కా, టెస్టులన్నీ పచ్చగా ఉండాయి కదా. మీ అత్తమ్మ ఫోను పాతది. సర్వరుకు ఎక్కించేద్దాం. సాయంత్రం ఆరింటికని మిల్లుకు మాట ఇచ్చేసినాను."

"అదే ఫోనులో నిన్న తమిళం బాగా వచ్చింది తంబీ. మాట ఇచ్చింది నువ్వు. పొద్దున చీకట్లో తప్పు మలుపులో నిలిచేది ఆ మిల్లు ఆడపిల్లలు. కొంచెం ఓర్చుకో."

గోకుల్‌నాథ్ సణుక్కుంటూనే మిల్లుకు ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పాడు. కిందికి వెళ్లి ఆమెకు టీ, రెండు వడలు తెచ్చి కీబోర్డుకు తగలకుండా పెట్టాడు.

తిలకవతి పాత మేవెన్ ఫైలు తెరిచి మొదటినుంచి చదివింది. పై భాగంలో ఒక వరుస కనబడింది. కోడులోని అక్షరాలను అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో చదవమని, కోడును కూర్చే కంపైలరుకు చెప్పే వరుస అది. గ్రేడిల్ ఫైలు రాసేటప్పుడు ఏదో అలంకారమనుకుని దాన్ని వదిలేసింది. పల్లె ఆడవాళ్లకు అర్థమయ్యే మాటలను కదిరవన్ తమిళంలో నేరుగా కోడులోనే రాశాడు. ఆ వరుస లేకపోయేసరికి ఆఫీసు విండోస్ మెషిను ఆ తమిళాన్ని తనకు తోచిన లిపిగా చదివింది. పరీక్షలలోని తమిళం కూడా అలాగే చెడింది. పరీక్షలు చెడిన మాటను చెడిన మాటతోనే పోల్చి చూశాయి గనుక అంతా పచ్చగుర్తే.

ఆ ఒక్క వరుసను గ్రేడిల్ ఫైలులో రాసి, మళ్లీ కట్టి, మళ్లీ పంపింది. ఈసారి వల్లియమ్మ ఫోనులోనే గట్టిగా చదివి వినిపించింది. వంతెన దగ్గర కాదు, మారియమ్మన్ గుడి మలుపులో బస్సు. గోకుల్‌నాథ్ సర్వరుకు ఎక్కించాడు. ఇంటికి బయలుదేరే ముందు తిలకవతి ఆ వరుస పైన ఒక మాట రాసింది: "దీన్ని తీయవద్దు. తమిళం దీనిమీద నిలిచి ఉంది. మొదట పెట్టినవారు కదిరవన్."

మర్నాడు ఆమె ముగ్గు వేస్తుండగా మిల్లులో పనిచేసే కళైసెల్వి ఫోను చేసింది. ఆడవాళ్లను బస్సెక్కించే పని ఆమెది.

"అందరూ గుడి దగ్గరే నిలిచుండారు అక్కా. ఒక్కరూ తప్పిపోలేదు."

తిలకవతి చేతిలో ముగ్గుపిండితోనే తూర్పుకు దండం పెట్టుకుంది. లోపలి నుంచి వల్లియమ్మ ఫోను పట్టుకుని వచ్చింది.

"అందరికీ పోయిందంటివే, నాకు మటుకు రాలేదే?"

"ఈ పొద్దు నిజం బస్సు అత్తా. నీ బస్సు సోమవారం నేను ఆఫీసుకు పోతే వస్తుంది."

"సరి సరి," అంటూ ఆమె ఫోను తీసుకెళ్లి పెరుమాళ్ల పటం ముందే పెట్టింది.