పిల్లి పంజాలో ఏడో ఎముక

మా కాలేజీ జువాలజీ ల్యాబ్ అటెండరు గారు మొన్న ఆదివారం పోయారు. కబురు వినగానే నేనన్న మాట అచ్చుకు పనికిరాదు. నా పిల్లి సంగతి తేల్చకుండా ఆయన ఎలా వెళ్తారు?

పోయినవారిని మంచిగా తలుచుకోవాలంటారు. ప్రయత్నిస్తాను. గొంతు పెద్దది, దయ చిన్నది. క్యారేజీలో చేప తిన్నా, ముళ్ళను మూత మీద తల నుంచి తోక దాకా వరసగా పేర్చి, అన్నీ ఉన్నాయని తేలాకే చెయ్యి కడిగేవారు.

డిగ్రీ చివరి ఏడాది ఆటోనగర్ షెడ్డులో చచ్చిన పిల్లి ఒకటి నాకు దొరికింది. దాని అస్థిపంజరం నిలబెడితే, ల్యాబ్ అద్దాల బీరువాలో నా పేరుతో చీటీ పెడతామన్నారు. మాంసం కోసి, మిగిలింది కుళ్ళి ఊడేదాకా బకెట్ నీళ్ళలో నానబెట్టాను. నీళ్ళు మార్చినప్పుడల్లా గుడ్డలో వడకట్టాలని ఆయన శాసనం. కంపు భరించలేక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేరుగా కుమ్మరించాను.

"ఎడమ పంజాలో ఏడు ఎముకలు తక్కువ. నీళ్ళెక్కడ పోశావయ్యా?"

"వెనక కాలవలోనండీ."

"వడకట్టావా?"

"కంపండీ..."

"మరి నువ్వేమన్నా సెంటు బుడ్డివా?"

మైనంతో ఏడు ఎముకలు చేసి అతికించాను. గోటితో గీకి పారేశారు.

"పిల్లి ఎముకలు నువ్వు చేసేదేంటి? దానమ్మ చేసింది చాలు. పంజా నిండిన రోజు నీ పేరు రాద్దాం."

ఇప్పుడు అదే ల్యాబులో నేను పాఠాలు చెబుతున్నాను. చీటీలో నా పేరుండాల్సిన చోటు ఇంకా ఖాళీయే. "ఇదెవరు చేశారు సార్?" అని పిల్లలడిగితే నాకు దగ్గొస్తుంది. బతిమాలాను, పోట్లాడాను. క్రిస్మస్‌కి ఆయన పెట్టిన కేకు వెనక్కిచ్చేశాను. కరగలేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడే పెన్ను పట్టుకుని బీరువా దగ్గరికి వెళ్ళాను. ఇక ఆపేవారెవరు? తాళంచెవి కోసం ఆయన సొరుగు లాగితే అగ్గిపెట్టె కనిపించింది. లోపల దూది మీద శుభ్రంగా కడిగిన ఆరు బుల్లి ఎముకలు. పైన ఆయన రాత: "పిల్లి, ఎడమ పంజా. కాలవలో దొరికినవి ఆరు. ఇంకొకటి ఉండాలి."

ఇన్నాళ్ళలో ఒక్క ముక్క చెప్పొచ్చుగా, ముసలాయన!

పెన్ను జేబులో పెట్టేశాను. నిన్నటి నుంచి ల్యాబ్ వెనక కాలవలో, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బురద తోడి గుడ్డలో వడకడుతున్నాను. ఆయన్ని తిట్టడం మాత్రం ఆపలేదు. ఇప్పటిదాకా చేప ముళ్ళే దొరికాయి. గట్టు మీద తల నుంచి తోక దాకా వరసగా పేర్చాను.