కందూరు అయ్యాక ఆపరేషన్

మా అత్త తొందరపడి దర్గాకు కందూరు చేసేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

తొంభైల మొదట్లో సంగతి. మేం రామన్నపేటలో ఉండేవాళ్ళం. నేను బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని, మా ఆయన ఎరువుల దుకాణం నడిపేవాడు. నా ఎడమ రొమ్ములో గడ్డ తేలింది, క్యాన్సర్ అన్నారు. పట్నంలో పెద్ద దవాఖాన డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది: గడ్డ పెద్దదిగా ఉంది, ఇప్పుడు కత్తి పెట్టలేం, ముందు మందు ఎక్కించి చిన్నది చేస్తాం, ఆ తర్వాత ఆపరేషన్. ఇందులో మొదటి సగమే మా ఇంట్లోవాళ్ళ చెవికెక్కింది.

మా ఇంట్లో రొమ్ము అనే మాట ఎవరూ పలకలేదు. అత్త "గా జాగల" అనేది. మా ఆయన "ఆ సమస్య" అనేవాడు. యూరియా లారీ రాకపోయినా ఆయన అనేది అదే మాట. మందు ఎక్కించాక నా జుట్టంతా ఊడిపోతే బజార్లో ఆడవాళ్ళు "గుట్టకు పోయొచ్చినవా టీచరమ్మా?" అని ఆనందంగా అడిగేవారు. నేను తలూపేదాన్ని. గుట్ట మీది దేవుడి మొక్కు తప్ప బోడి గుండుకు మా వైపు ఇంకో కారణం ఉండదు కాబట్టి నేను అబద్ధం కల్పించే శ్రమ కూడా తప్పింది. నా భక్తికి ఊళ్ళో మంచి పేరే వచ్చింది.

కొన్ని నెలలకు డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసి, మళ్ళీ చూసి, "మందుకి చాలా బాగా లొంగిందండీ. చేతికి తగలడమే లేదు" అంది. ఆ వెంటనే, "వచ్చే నెల ఆపరేషన్ పెట్టుకుందాం. రొమ్ము మొత్తం తీసేస్తేనే మంచిది" అని కూడా అంది. ఇంటికొచ్చి నేను శుభవార్త ముందు చెప్పాను. కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, రెండో మాట చెబుదామని చూసేసరికి అత్త ఇంట్లో లేదు. దర్గా చూసుకునే ముజావర్ సాబ్ ఇంటికి వెళ్ళింది.

ఊరి బయట దర్గాకు మా అత్త మొక్కుకుని ఉంది. మా వైపు హిందువులూ ముస్లింలూ అందరూ చేస్తారు కందూరు. మేకను కోసి, అక్కడ సమాధి అయిన పీరు పేర ఫాతెహా చదివించి, దర్గా దగ్గరే వండి పిలిచినవాళ్ళందరికీ పెట్టడం. అయితే అది కోరిక తీరాక చేసేది. కందూరు చేశారంటే పని అయిపోయిందని ఊరికి చాటింపు వేసినట్టే. అత్త హుషారు చూసి రెండో మాట దాచేశాను. మరుసటి శుక్రవారమే మేక తెగింది.

కందూరు ఎందుకో అత్త పిలుపుల్లోనే చెప్పేసింది. ఇన్నాళ్ళూ నా మొహం మాత్రమే చూసి మాట్లాడినవాళ్ళంతా ఆ రోజు నా జాకెట్టు వైపు తేరిపార చూశారు. వాళ్ళ మేకముక్కకు తగిన ఫలితం కనిపించినట్టే ఉంది, తృప్తిగా తిన్నారు. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక నేను ఇక దాచలేక అన్నాను, "అత్తమ్మా, వచ్చే నెల ఆపరేషన్ ఉన్నది."

"కరిగిపోయినంక గూడ కోసుడేంది బిడ్డా?" అంది అత్త. "లేనిదాన్ని ఏం కోస్తరు?"

"చేతికి తగలకపోతే లేనట్టు కాదంట."

"మరి ఉన్నదని ఎట్ల తెలుస్తది?"

"తీసి చూస్తే తెలుస్తదంట."

"కరగకముందేమో కొయ్యరాదన్నరు. కరిగినంక కోస్తమంటున్నరు. నువ్వు పిల్లలకు జెప్పే లెక్కలు గిట్లనే ఉంటయా?"

విస్తళ్ళ వరసంతా నవ్వింది. డాక్టరమ్మ చెప్పినప్పుడు సాఫీగా అర్థమైనది, బగారన్నం ముందు కూర్చుంటే నాకే అడ్డదిడ్డంగా వినిపించింది. అప్పటినుంచి ఇంటికొచ్చినవాళ్ళంతా ఒకటే పాట. మొక్కు చెల్లించి మళ్ళీ కోయించుకుంటే పీరును నమ్మనట్టు కాదా అని కొందరు, తిన్న మాకేం మర్యాద అని కొందరు. ముజావర్ సాబ్ తన హెర్నియాను నల్లగొండ దవాఖానలో కోయించుకుని వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. మా ఆయన మాత్రం "నీ ఇష్టం" అన్నాడు. ఇంటి తలుపులకు ఏ రంగు వేయాలో కూడా నా ఇష్టానికి వదలని మనిషి, దీన్ని మాత్రం సంపూర్ణంగా నాకే అప్పగించి దుకాణానికి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే నాకూ వద్దనే ఉంది. స్నానం చేస్తూ చూసుకుంటే ఎప్పటిలాగే ఉంది. గట్టిదనం లేదు, నొప్పి లేదు, చర్మం మీద ముడత కూడా పోయింది. గడ్డ ఉన్న రోజుల్లో తీసేస్తామంటే పీడ పోయిందని ఇచ్చేసేదాన్నేమో. నాది నాకు తిరిగి వచ్చాక ఇచ్చెయ్యమంటే మనసు రాలేదు. అత్తను మూర్ఖురాలని లోపల తిట్టుకుంటూనే, ఆమె వాదన గెలిస్తే బాగుండునని కోరుకున్నాను. ఆపరేషన్ రోజు దగ్గరపడింది. నేను బట్టలు సర్దలేదు.

కందూరుకు మోత్కూరు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు, ఇంకా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం వసారాలో పెసలు చెరుగుతున్నాం. అత్త పక్కింటికి వెళ్ళింది.

"వదినె, నువ్వు కోయిచ్చుకోకు" అంది ఆడబిడ్డ.

"నువ్వు గూడనా?" అన్నాను విసుగ్గా.

"నీకు కొయ్యకుంటనే తగ్గిందంటే, నాకు గూడ తగ్గుతది గద."

చేట పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని తన పైట కిందికి తీసుకుపోయింది. ఆ గట్టిదనం ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందులో నేను ఆరితేరినదాన్ని.

"ఎప్పటిసంది?"

"నీది బయటపడకముందుసంది."

"మీ ఆయనకు జెప్పినవా?"

"నీదేమైతదో సూసి చెప్తమనుకున్న."

నాకు ముందు కోపం వచ్చింది, చెంప మీద కొట్టాలన్నంత కోపం. తర్వాత భయం వేసింది. నాకు క్యాన్సర్ అన్న రోజున కూడా అంత భయం వేయలేదు. ఇన్నాళ్ళూ ఈమె నా రొమ్మును చూసి తన సంగతి తేల్చుకుంటోంది. నేను ఆపరేషన్ మానుకుంటే ఈమె మోత్కూరుకు వెళ్ళి, ఒక మేకను మొక్కుకుని, హాయిగా కూర్చుంటుంది. డాక్టరమ్మ అంత ఓపికగా చెప్పినా కదలనిదాన్ని, ఆ పెసల చేట ముందు లేచి లోపలికి వెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను.

అత్తతో, నేను పోతున్నాను, తోడుకు ఆడబిడ్డను తీసుకుపోతానని చెప్పాను. అత్త "పీరుకు కోపమొస్తే నన్నడగకు" అంది. కానీ కూతురు వదినెకు సేవ చేయడానికి బయల్దేరిందని వాడకట్టంతా చెప్పుకుని మురిసింది. రోగి ఒకతే అనుకుని ఇద్దరినీ బస్సెక్కించింది.

ఆపరేషన్ అయింది. తీసినదాంట్లో, చేతికి తగలనంత చిన్నగా, క్యాన్సర్ ఇంకా మిగిలే ఉందని చెప్పారు. విని నేను కళ్ళు మూసుకున్నాను. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మకు ఆడబిడ్డ సంగతి చెప్పాను. ఇద్దరూ తెర వెనక్కి వెళ్ళారు. తర్వాత కొన్ని పరీక్షలు చేయించారు. అన్నీ వచ్చాక ఆడబిడ్డ వచ్చి నా మంచం అంచున కూర్చుంది.

"నాకు గూడ ముందు మందేనంట" అంది. "కరిగినా కోస్తరంట."

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను.

"జర సూపియ్యి వదినె."

కట్టు విప్పినప్పటినుంచీ నేనే ఒక్కసారి కూడా తల దించి చూసుకోలేదు. మా ఆయన వచ్చినప్పుడల్లా కిటికీ వైపు కూర్చునేవాడు. దుప్పటి అడ్డం పెట్టుకుని జాకెట్టు హుక్కులు విప్పాను. ఆమె మొహం వైపే చూస్తూ ఉన్నాను, మొహంలో ఏం కనిపిస్తే అదే నాకు మిగిలింది అనుకుంటూ. ఆమె వంగి, కుట్లు ఒక్కొక్కటే లెక్క చూస్తున్నట్టు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

"గింతేనా?" అంది.

అన్ని నెలల్లో నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే. ఏడుస్తూనే, అవును గింతే అని చెప్పి, తల దించి చూసుకున్నాను.