రాణిగారి మాట నమ్మని రాజు

ఒకే ఒక్క మాటతో ఒక నాటకాన్ని, ఒక ప్రైజు కప్పును, ఆరు నెలల సంసారాన్ని కలిపి ముంచిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నర్సీపట్నం రండి. ఆ మనిషిని నేనే. కూర్చోబెట్టి టీ కూడా ఇప్పిస్తాను.

అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు. పగలు ఎరువుల కొట్లో గుమాస్తాని, సాయంత్రమైతే రంగస్థల నటుణ్ణి. మా ఆవిడ సుజాతది రావికమతం. మొహానికి రంగు పూసుకుని ఊళ్లు తిరిగే మొగుడంటే ఆమెకు ఒళ్లుమంట. చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది.

"ఈసారి పోటీల్లో మీకు ఫస్టు ప్రైజొస్తే జీవితాంతం ఆడుకోండి, నోరెత్తను. రాలేదా, ఆ విగ్గు అట్టుకెళ్లి పొయ్యిలో ఎట్టీడమే!"

సరేనన్నాను. ఎందుకనను? రాజు వేషం నాది. మాది పద్యాల విషాద నాటకం. రాణికి తన తమ్ముణ్ణి సేనాపతిని చేయాలని కోరిక. అడ్డుగా ఉన్నది రాజుగారి తమ్ముడు. అందుకని "మీ తమ్ముడు మీ పాలలో విషం కలిపాడు" అని రాజుకు అబద్ధం చెబుతుంది. రాజు నమ్మి తమ్ముడి తల తీయిస్తాడు. తర్వాత నిజం తెలిసి కత్తి మీద పడి చస్తాడు. ఆ చావు సీనులో నాకు నాలుగు పద్యాలు. నా భవిష్యత్తంతా ఆ నాలుగింటి మీదే పెట్టుకున్నాను. అక్కడిదాకా వెళ్లడానికి నేను చేయాల్సింది ఒక్కటే, పెళ్లాం చెప్పింది నమ్మడం. మామూలు మగవాడు రోజూ చేసే పనే.

రాణి వేషానికి అనకాపల్లి నుంచి కమలగారిని పిలిపించాం. ఆవిడ అబద్ధం పద్యం ఎత్తుకుంది. జనం "వన్స్ మోర్!" అన్నారు. మళ్లీ పాడింది. మళ్లీ "వన్స్ మోర్!" మా వైపు పద్యం నచ్చితే అలా పాడించుకుంటూనే ఉంటారు. ఆవిడ మూడోసారి పాడింది, నేను సింహాసనం మీద మూడోసారి ఉలిక్కిపడ్డాను. నా పద్యాలకు అంతవరకు ఒక్కడూ కనీసం దగ్గలేదు. కడుపు మండిపోయింది.

అప్పుడే ముందు వరసలో ఒక ముసలమ్మ లేచింది.

"నమ్మకు బాబూ! ఆయమ్మ అబద్దవాడతంది! తమ్ముడు బంగారం లాటోడు!"

పక్కనున్న ఆడవాళ్లంతా అందుకున్నారు. "నమ్మకు బాబూ, నమ్మకు!"

మైదానమంతా నా వైపే చూస్తోంది. ఒళ్లు పొంగిపోయింది. కత్తి నేలకేసి కొట్టి, మైకు దగ్గరకు వెళ్లి, "రాణీ! నీ మాట నేను నమ్మను!" అన్నాను.

చప్పట్లు! ఈలలు! నా జన్మలో అంత చప్పుడు వినలేదు. అది తగ్గాక బుర్ర పనిచేసింది. రాజు నమ్మకపోతే ఇక ఎవరూ చావనక్కర్లేదు. నాటకం ఇంకా గంట ఉంది.

తమ్ముడి వేషం జెరాక్స్ షాపు అప్పలరాజుది. సంకెళ్లతో వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. కన్నీళ్లు నిజమైనవే.

"అన్నియ్యా, నన్ను సంపించీ అన్నియ్యా!" అని గుసగుసలాడాడు. "మా ఇంటోల్లందరూ మాకవరపాలెం నుంచి నా సావు సూడ్డానికే ఆటో కట్టించుకుని వచ్చారు!"

"ఎలా చంపించనురా? నమ్మనని చెప్పేశానుగా!"

"ఇప్పుడు నమ్మీ! ఏటవుద్ది?"

కమలగారు పళ్లు బిగబట్టి, "బేగి నమ్మండి బాబూ, నాకు బస్సుంది," అని, పైకి మాత్రం, "ప్రభూ! విషం కలపడం నా కళ్లారా చూశాను!" అని అప్పటికప్పుడు కొత్త అబద్ధం అల్లింది.

"సూడనేదు!" అంది ముసలమ్మ. "నానిక్కడే కూకున్నాను. సూడనేదు!"

తెర వెనక నుంచి మా డైరెక్టరు మేష్టారు "నమ్మరా వెధవా!" అని అరిచారు. అదీ మైకులో పడింది.

భయపడి, "సరే రాణీ, నమ్మాను," అన్నాను.

"సిగ్గునేదా బాబూ? పెళ్లాం రెండుపాలి సెప్తే నమ్మీడమేనా?" అని ముసలమ్మ లేచేసరికి కుర్చీలు కూడా లేచాయి. తెర దించేశారు.

న్యాయనిర్ణేతగారు నన్ను పిలిచి, "విషాద నాటకమని రాశారు. తమ్ముడు క్షేమం, రాజు క్షేమం, రాజ్యం క్షేమం. విషాదం ఎవరికయ్యా?" అన్నారు.

"నాకేనండీ," అన్నాను.

నాటకం చూడ్డానికొచ్చిన సుజాతతో కలిసి ఇంటికొచ్చాను. విగ్గు నేనే తీసి చేతికిచ్చాను.

"ప్రైజ్ పోతే పోయింది," అంది. "పెళ్లాం మాట నమ్మనని ఊరందరి ముందు మైకులో సెప్తారా? మా అమ్మా, మా పిన్నీ అక్కడే ఉన్నారు!"

"అది రాణితో అన్నానే! పైగా ఆవిడ చెప్పింది అబద్ధం!"

"అయితే ఏటి? మొగుడన్నాక నమ్మాలా, వద్దా?"

దీనికి సమాధానం మీలో ఎవరి దగ్గరైనా ఉంటే రాసి పంపండి. నాకైతే ఇప్పటికీ దొరకలేదు. విగ్గు మాత్రం బాగా మండింది.

అందుచేత మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇంట్లో పెళ్లామైనా సరే, నాటకంలో పెళ్లామైనా సరే, ఏం చెప్పినా తక్షణం నమ్ముతాను. రాజ్యం పోనీ, తమ్ముడి తల పోనీ, అడ్డు ప్రశ్న వేయను.

ఇదంతా రాసి ఇందాక సుజాతకు చూపించాను. చివరిదాకా చదివింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"భలే రాసారండి. నవ్వు ఆపుకోలేకపోయాను," అంది.

నమ్మాను.