పడవ నడిపే అత్తగారి చింతగింజలు

మా అత్తగారిని చంపే పని నా చేతిలో పడిందని తెలిసినప్పటి నుంచీ ఆదివారం దగ్గరపడుతుంటే నాకు దడ మొదలయ్యేది. కంగారు పడకండి. చావాల్సింది ఆవిడ కాదు, ఆటలో ఆవిడ పాత్ర. అయినా నా దడ మాత్రం నిజమైనదే.

ఆట సంగతి చెప్పాలి. పాచికలు, కాగితం, నోటిమాట, అంతే. కూర్చున్నవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర ఉంటుంది. నేను లోకాన్ని నడిపిస్తాను, అంటే గేమ్ మాస్టర్‌ని. ఎదురుగా పులి ఉందంటే ఉన్నట్టే. దాంతో ఏం చేస్తారో వాళ్లిష్టం, ఏమవుతుందో పాచికలు చెబుతాయి. పంజాగుట్టలోని మా ఫ్లాట్ హాల్లో, ఆదివారం భోజనాలయ్యాక బల్లమీద ప్లేట్లు తీసేసి మొదలుపెడతాం. ఆటలో మా ఆయన ఒక లేఖకుడు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో టైలరింగ్ షాపున్న అన్న ఒక కోట కాపలావాడు. అన్నా అని పిలుస్తాను గానీ తోడబుట్టినవాడు కాదు; మా ఊరి పక్కే, మగ్గాలు ఆగిపోయాక నగరానికొచ్చిన కుటుంబం. మెడలో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చి కూర్చుంటాడు.

అత్తగారు ఆటలోకి రావడం పొరపాటున జరిగింది. మామగారు పోయాక ఆవిడ భీమవరం వైపు నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఏడాదంతా మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు చెప్పమంటే ఒక్క గుక్కలో చెప్పేస్తాను. "ఉప్పు సరిపోయిందా?" "సరిపోయిందత్తమ్మా." కోపాలేం లేవు. కోపం రావడానికైనా కాస్త చనువుండాలి కదా. ఆదివారం మేం హాలు ఆక్రమిస్తే ఆవిడ టీవీ మానుకుని గదిలోకి వెళ్లి పడుకునేవారు. ఒకరోజు మాతో ఆడే స్నేహితురాలు ఉద్యోగానికని బెంగళూరు వెళ్లిపోయింది, ఒక చోటు ఖాళీ అయింది. "అమ్మా, నువ్వు కూర్చో" అన్నాడు మా ఆయన. ఏ పాత్ర కావాలంటే, పడవ నడిపే మనిషి కావాలన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నోళ్లు లేచాయి. "వరదలో ఎడ్లబండి ఎలా దాటుతుందమ్మాయ్? నది చూసినదానివేనా?" అని ఆవిడ. "నా నది, నా ఇష్టం" అని నేను. నేత ఊరిదాన్ని, బోరుబావి తప్ప నీళ్లెరగను. ఆవిడేమో గోదావరి మనిషి. ఆ వాదన సోమవారం వంటింట్లో కూడా నడిచేది. నాకు ఆ పోట్లాట అలవాటైపోయింది. అది పోతే మళ్లీ ఉప్పు దగ్గరికే వెళ్లాలి. పడవ మనిషి చచ్చిపోతే ఆవిడ లేచి గదిలోకి వెళ్లిపోతారని, ఇంక రారని నా భయం.

చచ్చిపోతుందని ఎందుకనుకున్నానంటే, ఆవిడ పాయింట్లు ఖర్చుపెట్టేవారు కాదు. ఆట ముగిసినప్పుడల్లా ప్రతి పాత్రకీ కొన్ని ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు ఇస్తాను. పడ్డ పాట్లకి వచ్చిన అనుభవం అన్నమాట. అవి చెల్లించి ఆ పాత్రకి కొత్త విద్యలు నేర్పొచ్చు. లెక్కలు రాస్తే మా ఆయన ప్రతిదానికీ పేచీ పెడుతున్నాడని, చింతగింజలు ఇవ్వడం మొదలుపెట్టాను. ఎర్రగడ్డ రైతుబజారులో తెచ్చే చింతపండుకి గింజలకేం కొదవ? ఖర్చుపెట్టడానికి మా బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. గింజలు ముందుకు తోసి, ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారో అందరికీ చెప్పాలి. అది ఆటలో జరిగినదాంట్లోంచే రావాలి. మిగతావాళ్లు అడ్డు ప్రశ్నలు వేస్తారు. జవాబు పొసగకపోతే గింజలు వెనక్కి.

మా ఆయన వచ్చిన గింజ వచ్చినట్టే తగలేస్తాడు. అన్న ఆచితూచి కుస్తీ నేర్చుకున్నాడు, బల్లెం నేర్చుకున్నాడు. అత్తగారు మాత్రం అన్నీ పచ్చడి సీసాలో వేసి మూత బిగించేవారు. వాళ్ల బలం పెరిగేకొద్దీ నేను శత్రువుల్నీ పెంచాలి. పడవ మనిషి మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. "దాచి దాచి దెయ్యాల పాలు చేస్తరా అత్తమ్మా, ఖర్చుపెట్టండి" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఉండనీవే, ఎవరికో అవసరం పడతాయి" అనేవారు. ఊరికే అన్న మాట అనుకున్నాను. పాచికలు అందరిముందే పళ్లెంలో వేస్తాను, పడిందే పడింది, అందులో మోసం చెయ్యను. కానీ వరద ఎప్పుడు రావాలో, సుడి ఎక్కడ తిరగాలో నా చేతిలో పనే కదా. పడవ నడిమధ్యలో ఉన్నప్పుడు నదిని కాస్త నెమ్మది చేసేదాన్ని.

తీరా ఆపద వచ్చింది ఆవిడకి కాదు, అన్న పాత్రకి. నది మధ్య ఒక లంకలో కాపలావాడిని పాము కరిచింది. వైద్యుడు నది అవతల. ఎవరికీ మందు తెలీదు. రెండు పాచికలూ ఆరు పడితే తప్ప బతకడని చెప్పాను. ఆట మొదలైన రోజు నుంచీ అన్నకి ఆ పాత్రే. టేపు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

అత్తగారు సీసా మూత తీసి గింజలన్నీ అన్న ముందు కుమ్మరించారు. "తీసుకో నాయనా. ఇందుకే దాచాను."

నేనే చెప్పాల్సి వచ్చింది. "అట్ల ఇయ్యొద్దు అత్తమ్మా. ఎవరివి వాళ్లకే."

"అదేంటి? అందరం ఒక పడవలో తిరుగుతున్నాం, ఒక కుండలో తింటున్నాం. ఎవరికి కష్టమొస్తే వాళ్లకి వాడతారనుకున్నానే."

"పోనీ, ఈ ఒక్కసారికి..." అని మా ఆయన గొణిగాడు. "ఈ ఒక్కసారి అన్నంక పాచికలెందుకు? పారేసి హరికథ చెప్పుకుందాం" అన్నాను. మాట కటువుగానే వచ్చింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. గింజలు ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు టీ పెడతానంటూ లేస్తారు, ఇంక తిరిగి రారు అనుకున్నాను.

ఏరుతున్న చెయ్యి ఆగింది. "ఇవ్వకూడదు, సరే. నేను నేర్చుకోవచ్చుగా?"

"ఏం నేర్చుకుంటరు?"

"విషానికి మందు."

అడ్డు ప్రశ్న వేసింది ఎవరనుకున్నారు? అన్నే. ప్రాణం పోతున్నది తన మనిషికే అయినా పద్ధతి పద్ధతే. "ఏడ నేర్చుకున్నవమ్మా? చెప్పాలె గద."

"వానల్లో ఒక మంత్రసానిని దాటించాను, గుర్తులేదూ? కూలి ఇవ్వబోతే వద్దన్నాను. నీ సంచిలో వేళ్లేంటో చెప్పు చాలన్నాను. ఇది జ్వరానికి, ఇది పాముకాటుకి అని చెప్పింది." నా వైపు తిరిగారు. "నువ్వే చెప్పావుగా అమ్మాయ్, దాని గొంతుతో."

చెప్పాను. దారిన పోయే మనిషిగా రెండు నిమిషాలకి పుట్టించి మర్చిపోయాను. "మరి అప్పుడే ఆ విద్య ఎందుకు కొనలేదమ్మా?" అన్నాడు మా ఆయన.

"అప్పుడెవర్నీ పాము కరవలేదు కదరా."

"ఖరే, నాకు యాదున్నది" అన్నాడు అన్న. సగానికి పైగా గింజలు నా ముందుకొచ్చాయి. ఆ విద్యతో రెండు పాచికలూ కలిపి ఏడో, అంతకు మించో పడితే చాలని లెక్క తేల్చాను. పాచికలు ఆవిడ చేతికే ఇచ్చి, కళ్లు మూసుకున్నాను. లోకం నడిపేదాన్ని అలా చెయ్యకూడదు గానీ, చూడలేకపోయాను. ఎనిమిది పడిందని మా ఆయన అరుపు వల్ల తెలిసింది. "బతికిచ్చినవమ్మా" అని అన్న కుర్చీలో వెనక్కి వాలాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లైందో.

అత్తగారు లేవలేదు. మిగిలిన గింజలు కూడా నా వైపు తోశారు. "ఇవి ఈతకి."

"మీకు ఈత రాదా?" అన్నాను. పడవ నడుపుతోంది కదా, వచ్చే ఉంటుందని నాకు ఖాయం.

"నా విద్యల కాగితం చూడు, ఈత ఎక్కడుంది? మొదటిరోజు నుంచీ భయపడుతూనే నడిపాను."

ఎక్కడ నేర్చుకున్నారని ఎవరో ఒకరు అడగాలి. అడగకముందే అన్న అందుకున్నాడు. "నేనే నేర్పిన. నువ్వు నా పాణం నిలవెట్టినంక గా లంకల పండుకోని, లేసినంక నేర్పిన." ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆవిడ ఖాళీ సీసా పక్కన పెట్టి నా వైపు చూశారు. "నేను పడవెక్కినప్పుడల్లా నీ నది మెత్తబడుతుందమ్మాయ్. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, ఆమాత్రం తెలీదనుకున్నావా? ఇంక నన్ను కాయకు."

సరేనన్నాను. వారమంతా ఆలోచించి, మరుసటి ఆదివారం నడినదిలో ఆవిడ పడవ ముంచేశాను. పాచికలు అందరి ముందే వేశారు. తేలి, ఒడ్డెక్కి, జుట్టు పిండుకుంటున్నట్టు చేతులు తిప్పుతూ, "నీళ్లు చల్లగా ఉన్నాయే అమ్మాయ్" అన్నారు.